చీటీ లేని మిక్సీ

పూర్ణా మార్కెట్ వెనక
ఎండుచేపల వాసన మలుపు తిరిగే చోట
ఆరడుగుల కొట్టు నాది.
కొన్న రోజున వీధంతా పొగిడిన సామాన్లు
పాడైన రోజున నా దగ్గరికొస్తాయి.

ఉప్పుగాలి ధర అడగదు.
పదహారు వేల యంత్రంలోనూ, పన్నెండు వందల దాంట్లోనూ
స్క్రూకి ఒకటే తుప్పు.
విప్పితే తెలిసిపోతుంది ఎవరింట్లో ఏం నలిగిందో.
ఈ బ్లేడు కింద పసుపు, ఆ బేరింగు నిండా ఆవపొడి.

లాసన్స్ బే నుంచి కారెక్కి వచ్చింది
నూనె అక్కర్లేని వేపుడు పెట్టె.
"ఆన్ అవటం లేదండీ" అన్నారు.
లోపల ఒక్క మరక లేదు. బల్లి గుడ్లు రెండున్నాయి.
ఏమీ అనకుండా వైరు మార్చి ఇచ్చాను.

చినవాల్తేరు వరహాలమ్మ గ్రైండర్ అలా కాదు.
వాయిదాలు తీరకముందే రెండు బెల్టులు తెగాయి,
రాయి నున్నబడి గాట్లు కొట్టించాల్సి వచ్చింది.
కోడి కూయకముందే పదిహేను కిలోల పిండి
రుబ్బి, కవర్లలో పోసి, సీలేసి అమ్ముతుంది.
కొన్నవాళ్లు మెచ్చుకుంటారు, అచ్చం ఇంట్లో రుబ్బినట్టే ఉందని.
ఇంట్లోనే రుబ్బింది మరి.
ఎవరింట్లో అన్నదొక్కటే తేడా.

ఇన్నాళ్లూ కౌంటరు మీద మోచెయ్యి ఆన్చి
నేను చెప్పేది ఒకటే మాట:
"పొట్లం పిండి, పొట్లం అల్లం వెల్లుల్లి, అంతా డబ్బు దండగ.
రోట్లో నూరిన పచ్చడి ముందు ఏదైనా దిగదుడుపే."
మగవాళ్లు తలలూపేవారు.
ఆడవాళ్లు చిల్లర లెక్కపెట్టుకునేవారు.

మొన్న బుధవారం గంగరత్నం వచ్చింది,
దువ్వాడలో కుట్టుపనికి వెళ్లే మనిషి.
అదే మిక్సీ, మూడోసారి.
"దీనికి పోసిన డబ్బుతో సగం కొత్తది వచ్చునమ్మా" అన్నాను.
"కొత్తదానికి ఒకేసారి ఇవ్వాల. ఎంతవుద్దో సెప్పు బాబూ."
"ఇంతకీ దీనివల్ల రోజుకి నీకు మిగిలేదెంత?"
"అరగంట."
"ఆ అరగంటలో ఏం చేస్తావు?"
అదేం ప్రశ్నని చూసింది నావైపు.
"కూకుంతాను.
గుమ్మంలో కాళ్లు సాపుకుని కూకుంతాను. అంతే."

నా బిల్లు పుస్తకంలో
దానికి గడి లేదు.

ఆ రాత్రి గోపాలపట్నంలో, మా ఇంట్లో
నూకరత్నం చింతకాయ పచ్చడి నూరుతోంది.
రోజూ వినే చప్పుడే, రైలు చప్పుడులా.
ఆగినప్పుడు విన్నాను.
తొంగి చూస్తే, ఎడంచేత్తో కుడి భుజం పట్టుకుని
గోడకేసి చూస్తోంది.
నన్ను చూసి మళ్లీ బండ అందుకుంది.
"పచ్చడి బాగుందా?" అంది, అన్నంలో.
బాగుంది.
చిక్కంతా అక్కడే ఉంది, చాలా బాగుంది.

పొద్దున్న షట్టరెత్తి నేరుగా వెనక అరకి వెళ్లాను.
ప్రతిదానికీ చీటీ: పేరు, ఊరు, బాకీ.
అట్టడుగున, దుమ్ము కింద, చీటీ లేని మిక్సీ ఒకటి.
ఆవకాయల నాడు తెచ్చి పెట్టాను, ఇప్పుడు కార్తీకం.
కార్బన్ బ్రష్‌లు రెండు. నలభై రూపాయలు. పావుగంట పని.
బాగుచేసి చీటీ రాశాను.
పేరు: నూకరత్నం. ఊరు: గోపాలపట్నం.
బాకీ దగ్గర పెన్సిల్ ఆగింది.

"అన్నా" అంటూ వచ్చాడొక కుర్రాడు,
పెళ్లయి నెల కూడా అయినట్టు లేదు, మణికట్టు మీద ఇంకా పసుపు తాడు.
ఫోన్లో బొమ్మ చూపించాడు, తాడు లాగితే ఉల్లిపాయలు తరిగే డబ్బా.
"డబ్బుకి తగిన వస్తువేనంటావా?"

నోటిదాకా వచ్చింది పాత మాట.
మింగి,
"మీ ఇంట్లో కోసేదెవరు?" అన్నాను.

ఏదో చెప్పబోయాడు.
ఈలోపు చేతిలో ఫోను వెలుగు ఆరిపోయింది.