గీతల గుర్రం

పర్లాకిమిడిలో నీళ్లు ఐదున్నరకొస్తాయి.
మోటారు వేసి బిందె దగ్గర గొంతుక్కూర్చుంటాను.
ధార సన్నబడిందంటే లోపల్నుంచే అత్తగారు
"ఎదురింటోళ్లు లాగేస్తన్నారే" అంటారు.
గాబరోనిలోనూ నీళ్లకి కరువే.
కాకపోతే అక్కడ కరువు ఫోన్లో మెసేజీగా వచ్చేది,
ఇక్కడ నీలవేణమ్మగారి చెవికి తెలుస్తుంది.

ఆరున్నర బస్సుకి ఆయన పలాస వెళ్తాడు,
జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాయడానికి.
పొద్దున్నే రాష్ట్రం దాటి
చీకటి పడ్డాక మళ్లీ దాటి వస్తాడు.
పాస్‌పోర్టులు బీరువాలో
పట్టుచీరల కింద నిద్రపోతున్నాయి.
ఎన్నిసార్లు ఉతికినా చొక్కాకి జీడి వాసన పోదు.

"తిరిగొచ్చేశారట కదా" అంటారందరూ,
కూరల బండి దగ్గర, బ్యాంకులో, పెళ్లిలో.
తలూపుతాను.
నేను పుట్టింది తణుకులో.
పెళ్లయిన పదో రోజునే విమానమెక్కాను.
ఈ ఊరి నుంచి నేనెప్పుడు వెళ్లానని
తిరిగి రావడానికి?

లహరికి తొమ్మిదేళ్లు.
నాలుగో తరగతి బెంచీ మీద
ఒకటో తరగతి ఒడియా పుస్తకం.
"అమ్మా, వీటన్నిటికీ నెత్తిన గొడుగులు,
నాన్నమ్మ రాయించేవాటికి తలకట్లు.
ఈ ఊళ్లో అక్షరాలక్కూడా ఎండ తగులుతుందా?"
నాకు రాదు ఒడియా.
రాత్రి అది పడుకున్నాక
దాని కాపీ ముందేసుకుని
గొడుగులు దిద్దుతాను, ఒకటో రెండో
తిరగబడి గిన్నెలవుతాయి.

చంటాడికి పాలు ఇంకా 'మాషి'యే,
వాణ్ని పెంచిన ఆయా మాట.
గోడ అవతల ఒడియా ఆవిడ
తననే మావుసీ అంటున్నాడనుకుని
చేతులు చాచి ఎత్తుకుపోతుంది.
అరగంటకి తిరిగొస్తాడు,
మూతికి ముఢీ పలుకులతో.
ఎవరికీ విడమర్చి చెప్పలేదు నేను.
చెబితే ఎత్తుకోవడం మానేస్తుందేమో.

మొన్న నాలుగింటికి
మహేంద్రగిరి వైపు నల్లగా కమ్మింది.
మేడ మీద దుప్పట్లు, వడియాలు, ఆయన రెండు ప్యాంట్లు.
నేను మెట్లెక్కేలోపే దిగింది వాన.
లహరి పుస్తకం పడేసి వీధరుగు మీదికి దూకి
రెండు చేతులూ ఎత్తి
"పులా! పులా!" అని ఒకటే కేకలు.
అక్కడ వానని అలాగే పిలుస్తారు.
డబ్బుని కూడా.
ఏడాదికి నాలుగు వానలు చూసినవాళ్లు
రెంటికీ ఒకే పేరు పెట్టుకున్నారు.

"ఏటే ఆ కేకలు, ఈదంతా ఇనిపించీలాగ!"
అత్తగారి గొంతు.
వీధి మలుపు దాకా వెళ్లిపోయిన పూలమ్మి దమయంతి
నెత్తిన ప్లాస్టిక్ సంచీతో
గబగబా వెనక్కొచ్చింది.
"ఫులొ? ఏ ఫులొ, మా?
కనకాంబరం అయిపోయింది, మల్లె మూరెడే ఉంది."

నేను మేడ మీద, చేతుల నిండా తడిసిన దుప్పట్లు.
డబ్బు కొంగున లేదు.
కిందికి దిగేసరికి
లహరి తన డబ్బా తెచ్చి
దాచుకున్న నాణెం ఇచ్చేసింది,
జీబ్రా బొమ్మది.
దమయంతి దాన్ని వానలో కడిగి,
కళ్ల దగ్గర పెట్టుకుని,
"ఘొడా... గీతల ఘొడా!" అని
నవ్వి నవ్వి
కొంగు చివర ముడేసుకుంది.
"అది చెల్లదు, ఆగు, పది రూపాయలిస్తా" అన్నాను.
అప్పటికే సంచీ సర్దుకుని వెళ్లిపోతోంది.

ఆ రాత్రి తడి జడలో మల్లెల్తో పడుకుంది పిల్ల.
వడియాలు ముద్దయిపోయాయి, అత్తగారు
నాతో మాట్లాడలేదు.
ఆయన తడిసి వచ్చి
"ఏంటీ వాసన, జీడి కాదే" అన్నాడు.

నిన్న దమయంతి మళ్లీ వచ్చింది.
పది రూపాయలూ తీసుకోలేదు,
నాణెమూ తిరిగివ్వలేదు.
బుట్ట దించి, గొంతు తగ్గించి,
సగం తెలుగులో సగం ఒడియాలో అడిగింది:
"ఇంకోటి ఉందా, మా?
నాకు మనవలు ఇద్దరు."