ఇంకాస్త నెమ్మదిగా

వూచ్ నగరంలో నవంబరు.
మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
వియెస్వావా గారు తలుపు తీసేసరికే
బల్ల మీద నాలుగు ఫ్లాపీలు
ఆరబెట్టిన అప్పడాల్లా పరిచి ఉన్నాయి.
ఒకదాని మీద పెన్సిలు రాత:
"ఉప్పు పడవ. ముట్టుకోవద్దు."

తొంభై నాలుగులో, బట్టల మిల్లు లెక్కల గదిలో,
జీతాలు కట్టే కంప్యూటర్ మీద,
రాత్రి షిఫ్టు విరామంలో
దొంగతనంగా ఆడేవారట.
ఇప్పుడా గదిలో పెర్ఫ్యూములు అమ్ముతున్నారు.

పాత యంత్రంలా నటించే ప్రోగ్రాం ఒకటి
నా లాప్‌టాప్‌లో పెట్టాను.
సౌండ్ కార్డు అంకెలు అడిగింది.
నేను తడుముకునేలోగా వంటింట్లోంచి
"రెండువందల ఇరవై, ఐదు, ఒకటి",
ఎక్కం అప్పజెప్పినట్టు.

పడవ రేవు వదిలింది.
వదిలిందన్నంతవరకే నాకు తెలుసు.
రెప్ప వేసి తెరిచేలోగా ఇసుకమేటకు తగిలింది,
వసంతం పోయింది, కోతలు అయిపోయాయి,
నది గడ్డకట్టింది,
సరంగు ఆకలితో చచ్చిపోయాడు.
"నేనింకా కళ్ళజోడే పెట్టుకోలేదు," అన్నారావిడ.

తప్పు ఆటది కాదు.
యంత్రం గుండెచప్పుడునే
అది గడియారం అనుకుంది, పాపం.
ఇప్పటి గుండెకు పరుగు తప్ప తెలీదు.
నడక నేర్పాలి.

పన్నెండు వేలు. "ఎక్కువ."
ఎనిమిది. "ఇంకాస్త నెమ్మదిగా."
ఐదు వేల దగ్గర ఆవిడ తెర చూడటం మానేశారు.
కళ్ళు మూసుకుని తెడ్ల చప్పుడు వింటూ
మడమతో నేల మీద తాళం వేశారు.
ఇరవై రెండేళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డ మడమ అది;
ఏ మగ్గం పోగు తెంపబోతోందో
చూడకుండానే పట్టేసేది.
మూడు వేల రెండువందలు.
తెడ్డూ మడమా ఒక్కసారే పడ్డాయి.
"ఆపు. ఇదే."

చంద్రుడే, వెడల్పు తెర మీద
కోడిగుడ్డులా సాగిపోయాడు.
"మా చంద్రుడు ఇంత తిండిపోతు కాదే!"
డబ్బు పోసి కొన్న తెరలో పావు వంతు
అటూ ఇటూ చీకటికి ఇచ్చేస్తే
గుండ్రనయ్యాడు.

మొదటి మలుపులోనే సుంకం రేవు.
అక్కడ ఆట అడ్డం నిలబడింది:
పుస్తకం పద్నాలుగో పేజీ, మూడో వరుస, రెండో మాట?
"పుస్తకం ఎప్పుడు ఉంది గనక? దొంగ కాపీ.
ఎవరో ఒక్క మాట సంపాదించి తెచ్చారు. చుక్కాని.
ఆరో పేజీ అడిగితే ఆ మాట.
అడగకపోతే మూసి, మళ్ళీ తెరవడం."
"మీ విరామం ఎంతసేపు?"
"ఇరవై నిమిషాలు."
"మరి ఆడేదెప్పుడండీ?"
"ఆరో పేజీ వచ్చిన రోజు."

మూశాం, తెరిచాం.
టీ చల్లారింది. కిటికీ బయట
పదకొండో నంబరు ట్రాము
మూడుసార్లు వెళ్ళింది.
ఇరవై ఏడోసారి ఆరో పేజీ.
ఆవిడ ఒక్కో అక్షరం ఒక్కో వేలితో,
ఊపిరి బిగబట్టి, చుక్కాని అని కొట్టారు.
గేటు లేచింది.

వంతెన దగ్గరకొచ్చాం. ఆవిడ ముఖం వాడిపోయింది.
"ఆయనేడీ?"
"ఎవరు?"
"నీళ్ళకు జానెడు ఎత్తున, గాల్లో నిలబడి
జెండా ఊపుతాడు."
అది తప్పండీ, ఆట రాసినవాళ్ళ పొరపాటు.
సరిచేసే ఫైలు దొరికితే ముందే వేసి తెచ్చాను.
కొంచెం గర్వంగానే చెప్పాను.

"ఆయన పేరు వాలెంతి," అన్నారు.
"మా సూపర్‌వైజరు పేరే పెట్టుకున్నాం.
ఆయన్ని చూసి నవ్వడానికే
సగంమంది ఈ గదికి వచ్చేవాళ్ళు.
వెనక్కి పిలువు."

పిలవాలంటే ఆట మూయాలి.
మూస్తే మళ్ళీ సుంకం రేవు.
చెప్పాను.
ఆవిడ అప్పటికే లేచి
పొయ్యి మీద నీళ్ళు పెడుతున్నారు.

నా సవరణ తీసేశాను.
పుస్తకం తొమ్మిదో పేజీ, ఐదో వరుస...
"కాదు," అన్నారు చూడకుండానే.
"ముయ్యి. చక్కెర ఎన్ని చెంచాలు?"