రేకు

లారీలు ఆగేది రెండింటికి.
అప్పటిదాకా బల్ల వణుకుతూనే ఉంటుంది.
కాకినాడ పోర్టు రోడ్డు మీద మొలాసిస్ ట్యాంకర్లకి
పరమాణువు మందం సంగతి ఏం తెలుసు?

అలివేణి మేడం చెప్పులు విప్పి కూర్చుంటారు.
సెలోటేపుతో గ్రాఫైటు ఒలిచి, ఒలిచి,
మళ్లీ ఒలిచి,
ఇక ఒలవడానికేమీ లేనిచోట
ఒక పొర.
కంటికి ఆనదు. వెలుతురుకే ఆనుతుంది.

పోయినేడాది పదకొండు పొరల్ని తేమ తినేసింది.
అంతకుముందు తుఫాను, జనరేటరు, ఒక ఎలుక.
పేపరు రెండుసార్లు తిరిగొచ్చింది:
"ఆసక్తికరమే, కానీ..."
ఆ 'కానీ'ని కత్తిరించి గోడకి అంటించుకున్నారు,
అదే టేపుతో.

ఓసారి అడిగాను, ఈ చెయ్యి ఎక్కడబ్బిందని.
ఆత్రేయపురంలో, అన్నారు.
బోర్లించిన కుండ మీద మా మేనత్త
తడిగుడ్డ ఒక్క విసురు విసిరేది.
ఊపిరి బిగబట్టవే, అనేది, రేకు చిరుగుద్ది.

రెండూ పది.
ఫ్యాను ఆపాను. తలుపు సందులో గోనె కుక్కాను.
లేజరు రేక సన్నగా, ఎర్రగా దిగింది.
తెరమీద గీత లేచింది, పడింది,
లేవబోతోంది.

బయట ఎవరిదో సైకిలు బెల్లు.
మేడం ఊపిరి వదల్లేదు.
నేనూ.