మారాజు లేచింది

పోస్టరు మా బస్సు వెనకే అంటించారు.
కావలి నుంచి అల్లూరుకు
రోజూ నాలుగు ట్రిప్పులు
మారాజు నా వెనకాలే వస్తా ఉంది.

ఒంటెను మూలకు తోసేశారు.
ముందు నిలబడ్డ కుర్రోడికి
పుస్తకంలో పదకొండేళ్ళు, చొక్కాకు రెండే గుండీలు.
ఇక్కడ చొక్కానే లేదు, కండలున్నాయి.
టికెట్లు కొడతా నవ్వుకున్నా,
కాస్త కోపంగానే.

ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో
మేమెవరం ఒంటెను చూడలా.
పుస్తకంలో బొమ్మ ఉండేది గానీ
ఎవరో దానికి పెన్సిలుతో మీసాలు దిద్ది
మొహమంతా నల్లగా చేసేశారు.
అందుకని ఎవరి ఒంటెను వాళ్ళే చేసుకున్నాం.
మా అమ్మ ఒంటెకు మా బర్రె మొహం.
గోనెలు కుట్టే కొండమ్మవ్వ ఒంటెకు
వాళ్ళాయన నడక,
ఒక కాలు ఈడ్చుకుంటా, ఎవరికీ బాకీ లేనట్టు.
నా ఒంటెకు మోకాళ్ళ కింద
ఉప్పు కోసిన పుండ్లు.
మా అందరికీ ఉన్నాయి గదా,
దానికెందుకుండవు?

మధ్యాన్నం తాటాకు పంచలో
మాలకొండన్న చదివేవాడు.
ఎనిమిదిలో మానేసిన చదువు
గొంతులో మాత్రం ఆగలా.
సర్కస్‌వాళ్ళు వదిలేసిపోయిన ఒంటె.
దాన్ని ఇంటికి చేరుస్తానని బయల్దేరిన పిల్లోడు.
ఎటుపోవాలో ఇద్దరికీ తెలీక తూర్పుకే నడిచి నడిచి
సముద్రం ఒడ్డున ఇసక చూసి
ఇల్లొచ్చిందనుకున్న ఒంటె.
సద్ది ముద్ద చేతిలోనే ఎండిపోయేది.

ఆఖరి రోజు
మారాజు ఇసకలో పడుకుంది.
నేను ఏడుపు మొదలుపెట్టా.
అన్న నా వైపొకసారి చూసి
పేజీ తిప్పి, గొంతు సవరించుకుని
"లేచింది" అన్నాడు.
"లేచి, ఒళ్ళు దులుపుకుని,
పిల్లోడి చొక్కా గుండీ ఒకటి కొరికి మింగింది."
అందరూ నవ్వారు.
కొండమ్మవ్వ ముక్కు చీది
"అది చావదులేయ్" అంది.

ఏడాదికి, అక్షరాలు కూడబలుక్కుని
ఆ పేజీ నేనే చదివా.
లేవలేదు.
గుండీ ఊసే లేదు.
పిల్లోడు చొక్కా విప్పి దాని కళ్ళమీద కప్పాడు, అంతే.
మూడు రోజులు అన్నతో మాట్లాడలా.
అబద్ధం చెప్పాడని కాదు.
పంచలో అందరితో ఏడవాల్సింది
ఒక్కదాన్నే ఏడ్చా, అందుకు.

నిన్న వీక్లీ ఆఫ్.
పాపను తీసుకుని కావలిలో మ్యాట్నీకి పోయా.
తెరమీద ఒంటెకు కనురెప్పల వెంట్రుకలు
లెక్కపెట్టుకోవచ్చు.
బర్రె మొహం లేదు, ఈడ్చే కాలు లేదు.
నున్నటి మోకాళ్ళు చూసి
ఎవరి ఒంటెరా ఇది, అనుకున్నా.
పిల్లోడికి ఒక ప్రేమ పెట్టారు,
విలన్‌కు హెలికాప్టరు.
అయినా ఇసక కనిపించగానే
అది టక్కున ఆగి, మెడ చాచి, గాలి పీల్చినప్పుడు,
ఎందుకు దాచాలి,
పాప చెయ్యి పిండేశా.
"నొప్పి మా" అనింది.
ఆ ఒక్క నిమిషం అది మా ఒంటే.

చివర్లో పడుకుంది.
నేను చొక్కా కోసం చూస్తా కూర్చున్నా.
సంగీతం ఆగింది.
లేచింది.
హాలంతా ఈలలు.
పాప కుర్చీ ఎక్కి ఎగురుతా ఉంది.
ఏడ్చి సంపాదించుకున్న చావది,
నన్నడక్కుండా ఎట్లా తీసేస్తారు?
అనుకుంటానే బ్యాగులో చెయ్యి పెడితే
డ్యూటీ విజిలు తగిలింది.
ఊదలేదు.
వదల్లేదు కూడా.

బయటికొచ్చి అన్నకు ఫోన్ చేశా.
ఆ కయ్యలే ఇప్పుడు రొయ్యల గుంటలు,
వాటికే కాపలా.
"అన్నా, సినిమాలో ఒంటె చావలా."
ఏరేటర్లు నీళ్ళు చిమ్మే చప్పుడు.
"నేనా పొద్దే చెప్పలా?" అన్నాడు.
మళ్ళీ నీళ్ళ చప్పుడు.
"మరి గుండీ మింగిందా?"

"వాడికి చొక్కా ఉంటే గదన్నా."