ఏడు గింజలు

మిస్‌ఫలా వాడలో పుట్టాను.
చక్రాల కుర్చీ తోయడం నా పని.
సఫా నుంచి మర్వాకి ఒకటి, తిరిగొస్తే రెండు.
లెక్క తప్పకుండా ఏడు ఖర్జూరపు గింజలు
కుడి జేబులోంచి ఎడమకి.

ఈ పూట జిబెక్ అవ్వ.
కొండల దేశం మనిషి, పిట్టంత బరువు.
పచ్చదీపాల కింద మగవాళ్లు పరుగందుకున్నారు.
"ఆడవాళ్లు నడిస్తే చాలవ్వా."
విరిగిన అరబీలో అడిగింది:
"బిడ్డ దాహానికి ఇక్కడ ఉరికింది
మగవాడా?"

కుర్చీ ఉరికింది.

చివరికి మర్వా.
కత్తెర అందించాను.
వేలి కణుపంత తెల్లజుట్టు తానే కత్తిరించుకుంది.
"ఏడూ అయ్యాయా నాయనా?"

కుడి జేబులో ఇంకా ఒక గింజ.
ఆరైతే సఫాలో ఉండేవాళ్లం.
"అయ్యాయవ్వా," అన్నాను,
ఆ గింజని ఆమె చేతిలో పెట్టి.