సాక్షి

మా ఒడ్డెరోళ్లు మట్టి తవ్వితే
గుంట నడుమ ఒక దిమ్మ ఇడిచిపెట్టేటోళ్లు.
దాని నెత్తిన గడ్డి అట్లనే ఉండాలె.
మేస్త్రి టేపు పట్టుకొని దిగి
గడ్డి కాడి నుంచి అడుగు దాక కొలిచి
గజానికింతని రాసుకునేటోడు.
కూలి చేతిల పడ్డంకనే దిమ్మను కూల్చుడు.
దాని పేరు సాక్షి.
మా మేనత్త దండుగుల ఎంకవ్వ
ఒక వానరాత్రి సాక్షి పక్కన్నే పండింది,
కాంట్రాక్టరు మనిషెవడో వచ్చి
నెత్తి చెక్కి పొట్టి చేస్తడని.

నేను చెక్కేది కాగితం మీద.
రాజురా అవతల, వార్ధా మలుపు తిరిగే చోట,
గని ప్లానింగ్ ఆఫీసు, రెండో గది,
కూలర్ గడ్డి నాని వాసన.
బొగ్గు పొర మందం పదహారు మీటర్లు.
పడమటికి వాలుతది.
ఒక్కో పట్టీ అరవై మీటర్ల వెడల్పు.
పట్టీ దాటినప్పుడల్లా పొర ఇంకో పది మీటర్లు లోతుకు జారుతది,
టన్ను బొగ్గుకు ఎత్తిపోసే మట్టి పెరుగుతది:
నాలుగున్నర చిల్లర ఘనపు మీటర్లు, ఆ పక్క పట్టీకి ఐదు,
ఐదు పాయింట్ నాలుగు కాడ
మట్టి ఖర్చు, బొగ్గు ధర
తక్కెడల సరిగ్గ తూగుతయి.
అక్కడ ఎర్ర పెన్సిల్‌తోటి గీత గీస్త.
గీతకు ఈవల గని.
ఆవల ఆత్రం మంకుబాయి పత్తి.

పోయిన జూన్‌ల ధర టన్నుకు నూట ఇరవై పెరిగింది.
నాగపూర్ నుంచి రెండు లైన్ల మెయిలు.
ఒక గడిల ఒక అంకె మార్చిన.
గీత లేచి నూట ఇరవై మీటర్లు నడిచింది
(రూపాయికొక మీటరు, ఇంత సక్కగ కుదిరే లెక్క అరుదు).
పత్తి దాటి, బావి దాటి,
మంకుబాయి పెనిమిటిని పెట్టిన రాయి కాడ ఆగింది.
తల గనిల. కాళ్లు పొలంల.

డ్రాగ్‌లైన్ ఒక్క తోడుకు ఇరవై నాలుగు ఘనపు మీటర్లు.
ఎంకవ్వ తట్టలతోటి పదిహేను దినాల పని.
అది నిమిషంల తోడి, తిరిగి, గుమ్మరిస్తది
ఈ పట్టీ మట్టిని పోయిన పట్టీ గోతిల.
నల్లరేగడి వేరే కుప్ప పెట్టాలని రూలు.
పెట్టినం. ఐదేండ్లాయె,
కుప్ప మీద సర్కారు తుమ్మ మొలిచి పూసింది.

మొన్న ఎంకవ్వను తోలుకపోయి అంచు మీద నిలబెట్టిన.
డంపర్లు కింద చీమలోలె.
మస్తు సేపు చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకొని,
"సాక్షేదిరా?" అన్నది.
"పైనున్నయ్ అత్తా, ఉపగ్రహాలు. అవే కొలుస్తయ్."
మొగులు దిక్కు చూసింది.
"అవి ఎవరి దిక్కు?"

ఆ రాత్రి నేను లెక్కేసిన, ఊకనే.
పదికి పది మీటర్ల దిమ్మ ఒకటి ఇడిస్తే
రెండు వేల నాలుగు వందల టన్నులు నష్టం.
పైగా నిలబడది.
నూట ముప్పై మీటర్ల ఎత్తుకు
అడుగున ఊరంత పీట కావాలె.
ఫైలు సేవ్ చెయ్యాల్నా అని అడిగింది.
వద్దన్న.

మంకుబాయి నిన్న ఆఫీసుకొచ్చింది,
ప్లాస్టిక్ సంచిల సాత్‌బారా కాగితం, మడతల కాడ చినిగి.
కుర్చీ ఇస్తే కూసోలేదు.
పటం మీద వేలు పెట్టలేదు, పైనుంచే చూపించి
"ధర దిగితే ఈ గీత ఎనక్కొస్తదా సాబ్?" అన్నది.

కాగితం మీద వస్తది అన్న.
అబద్ధం కాదు. సూత్రం అదే, గుర్తు ఒక్కటే మారుతది.

ఆమె తల ఊపింది.
"అయితే ధర దిగేదాక తవ్వకుండ్రి" అన్నది,
సంతల బేరం ఆడినట్టు, నవ్వకుండ.
కూలర్ చప్పుడుకు ఇనబడనట్టు
నేను పెన్సిల్ చెక్కుకుంట కూసున్న.