యాభై గ్రాముల రాయి

నన్ను పిలిచింది తెలివైనదాన్నని కాదు,
నా చేయి చిన్నదని.
విమానం వీపు మీద మూత తీస్తే
పిడికిలి పట్టనంత సందు.
దాని అడుగున, టర్బైన్ పట్టీ కింద, నాలుగో మర.
లుబోష్ వేళ్లు ముప్పై ఏళ్లు ట్రాక్టర్లు విప్పిన వేళ్లు,
మొదటి కణుపు దగ్గరే ఆగిపోతాయి.
నావి తెల్లవారుజామున మూడింటి నుంచి
రొట్టెల పిండిలో మునిగి తేలినవి.
"యార్మిలా, ఎడమకి. ఇంకాస్త. కనబడదు, తడుము."
తడిమాను. దొరికింది.
చీకట్లో ఒక ఇనుప గింజ
నా వేలికొసకి తల వంచింది.

మొరావియాలో జనవరి అంటే
షెడ్డులో జిగురు కూడా వణుకుతుంది.
గట్టిపడాలంటే దానికి వెచ్చదనం కావాలట.
మా బేకరీలో, పిండి పొంగే గదిలో,
రెండు రెక్కలూ మూడు రాత్రులు పడుకున్నాయి
రై పిండి తొట్టెల పక్కన,
గుడ్డ కప్పుకుని.
నాలుగో రోజు హ్రూబా గారు
రొట్టె ముక్కు దగ్గర పెట్టుకుని
"తలుపులకి వేసే రంగు వాసన" అన్నారు.
డబ్బు వెనక్కిచ్చేశాను.
ఆ రొట్టె నేనే తిన్నాను. ఆవిడ అన్నది నిజమే.

"కిరోసిన్‌లో ఒక్క బుడగ వెళ్లిందా,
మంట గుటక మింగి ఆరిపోతుంది" అంటాడు లుబోష్.
నా బతుకంతా బుడగల మీదే,
బుడగ లేని రొట్టె ఇటుక.
ఇక్కడ బుడగ అంటే దొంగ.
సన్నటి గొట్టాన్ని దీపానికి ఎత్తి పట్టి
ఇద్దరం చూస్తాం, మాట్లాడకుండా,
సూదిలో దారం ఎక్కించేవాళ్లలా.

మార్చి నెలాఖరున తూకం.
రెక్కల కింద గీత పెట్టిన చోట
రెండు కర్రల మీద ఆనించి చేతులు తీసేశాడు.
తోక నెమ్మదిగా,
అలిగిన పిల్లలా, చతికిలబడింది.
ముక్కులో సీసం పెట్టాడు. చాలలేదు.
ఇంకొంచెం. చాలలేదు.
సీసం అయిపోయింది. ఆదివారం. కొట్లన్నీ మూసి ఉన్నాయి.
నేను దుకాణానికి వెళ్లి
అమ్మ తక్కెడ పెట్టె తెచ్చాను.
గుంటకొక ఇత్తడి రాయి,
పెద్దది మొదలు చిన్నది దాకా,
బడి ఫొటోలో పిల్లల్లా.
యాభై గ్రాములది తీశాను,
నలభై ఏళ్లు ఈస్టు తూచిన రాయి.
ముక్కులో పెట్టగానే
విమానం నేలకి సమంగా లేచి
ఊపిరి బిగబట్టినట్టు ఆగింది.
"జిగురు పెడితే ఇక తిరిగి రాదు" అన్నాడు.
"పెట్టు" అన్నాను,
అనుకున్నదానికంటే గట్టిగా.

ఏప్రిల్. ఒకప్పుడు పొలాలకి మందు చల్లే విమానాలు
దిగిన సిమెంటు దారి, పగుళ్లలో చామంతి మొలకలు.
అతను రిమోటు పట్టుకుని అరవై అడుగులు నడిచి
వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు.
చుక్కాని కుడికి. "అవును!" అని అరిచాను.
ఎడమకి. "అవును!"
ఇన్నిసార్లు అవునని
నా పెళ్లిలో కూడా అనలేదు.

నా చేతికి మంటలార్పే సిలిండర్ ఇచ్చి
స్టార్టు మీట నొక్కాడు.
ముందు దోమ.
తర్వాత తుట్టె కదిలిన తేనెటీగలు.
తర్వాత పళ్ల మూలాల్లోకి దిగే సన్నటి కోత.
వెనకాల గాలి నీళ్లలా అల్లాడింది,
దాని అవతల గోధుమచేను వంకరపోయింది.
లుబోష్ తెర మీది అంకెలు పైకి చదువుతున్నాడు,
వినబడక పెదాలు చదువుకున్నాను:
అయిదొందల ఎనభై. అయిదొందల డెబ్భై.
అంతలో గాలిసంచి అడ్డం తిరిగింది.
ఆగుదామని చెయ్యి ఊపాడు.
ఆగాం.

విమానం ముక్కు కొద్దిగా అదురుతోంది.
లోపలెక్కడో, జిగురులో,
అమ్మ బొటనవేలు అరగదీసిన ఇత్తడి.

దుకాణంలో ఆ గుంట ఖాళీగానే ఉంది.
ఈస్టు ఇప్పుడు అరచేతి అంచనా మీద వేస్తున్నాను.
రొట్టెలెలా వస్తున్నాయని అడగకండి.
హ్రూబా గారు మాత్రం
నిన్న రెండు కొన్నారు,
వాసన చూడకుండా.